కబ్బన్ పార్కులో డకోటా పాఠాలు: పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లాల్సిన ఆదివారం క్లాసు

బెంగళూరులో పిల్లలకు ప్రకృతి గురించి చెప్పేవాళ్లకు కొదవలేదు. లాల్‌బాగ్‌లో చెట్ల నడక, హెబ్బాళ చెరువు దగ్గర పిట్టల నడక, అపార్ట్‌మెంట్ మేడ మీద నక్షత్రాలు చూపించడం, ఇలా వారానికొకటి దొరుకుతుంది. మా మనవరాలిని వెంటబెట్టుకుని వీటిలో చాలావాటికి వెళ్లాను. హిందూపురంలో హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యి, ఇప్పుడు మహదేవపురలో కూతురి దగ్గర ఉంటున్నాను. పాఠం ఎవరు చెబుతున్నా, ఎలా చెబుతున్నారో చెవిపెట్టి వినే అలవాటు పోలేదు. ఈ మధ్య కాలంలో నాకు మనస్ఫూర్తిగా నచ్చిన క్లాసు ఇదే. మార్కులు వేయమంటే పదికి ఎనిమిది వేస్తాను.

ఈ బృందానికి పెద్ద పేరూ బోర్డూ ఏమీ లేవు, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల ద్వారానే నడుస్తోంది. ఆదివారం పొద్దున మూడు గంటలపాటు సాగే క్లాసు. సగం క్వీన్స్ రోడ్డు వైపున ఒక చిన్న హాల్లో, సగం కబ్బన్ పార్కులో. అమెరికాలోని మినెసోటా రాష్ట్రం అక్కడి ఆదివాసులైన డకోటా ప్రజల సొంత నేల. అక్కడి పార్కుల్లో వాళ్లు నీళ్ల గురించి, చెట్ల గురించి, ఋతువుల గురించి పిల్లలకు ఎలా చెబుతున్నారన్నదే విషయం. నడిపే అమ్మాయిది మా అనంతపురం వైపే. భర్త ఉద్యోగరీత్యా మినియాపోలిస్‌లో చాలా ఏళ్లుండి, అక్కడ ఒక పార్కులో వాలంటీరుగా పనిచేసింది. డకోటా టీచర్లు పాఠం చెబుతుంటే పక్కన నిలబడి నేర్చుకున్నానంది.

క్లాసు మొదలుపెడుతూనే ఆ అమ్మాయి చెప్పిన మాట: "నేను డకోటా మనిషిని కాను. వాళ్ల దగ్గర విన్నవాటిలో బయట చెప్పొచ్చని వాళ్లు అన్నవే చెబుతాను." ఆ మాట మీద చివరిదాకా నిలబడింది. ఈకల టోపీలు లేవు, మొహాలకు రంగులు లేవు. మన స్కూళ్లలో ఫ్యాన్సీ డ్రెస్ అనగానే పిల్లాడికి ఈకలు కట్టి, చేతికి గొడ్డలిచ్చి, నోటిమీద చెయ్యి కొట్టుకుంటూ అరవమంటారు. ఎన్ని ఏళ్లు చూశానో ఆ దృశ్యం. ఇక్కడ అలాంటిదేమీ లేకపోవడంతోనే నాకు సగం నమ్మకం కుదిరింది.

హాల్లో గచ్చు మీద ముగ్గుపిండితో రెండు నదులు గీసింది. ఒకటి మిసిసిపి, ఒకటి మినెసోటా నది. రెండూ కలిసేచోట ఒక రాగి చెంబులో నీళ్లు పెట్టింది. ఆ సంగమాన్ని డకోటా భాషలో బ్డోటే అంటారు. తమ పుట్టుక అక్కడేనని డకోటాల్లో చాలామంది చెప్పుకుంటారు. ఆ పక్కనే గట్టు మీద 1820ల్లో అమెరికా సైన్యం కోట కట్టింది, ఫోర్ట్ స్నెల్లింగ్. పిల్లలు గచ్చు మీద చుట్టూ కూర్చుని ఉన్నారు. ఆ అమ్మాయి ఒక్కో సంవత్సరం చెబుతూ ముగ్గు మీదున్న చిక్కుడుగింజల్ని ఒక్కో పిడికెడు తీసేస్తూ పోయింది. గింజలున్నంత మేరా డకోటాల నేల. అమెరికా ప్రభుత్వానికి నేల వదులుకున్న 1837 ఒప్పందం, ఒక పిడికెడు. 1851 ఒప్పందాలు, రెండు చేతులనిండా. 1858, ఇంకో పిడికెడు. చివరికి మినెసోటా నది వెంబడి సన్నటి గీత మాత్రం మిగిలింది. "ఇస్తామన్న డబ్బు టైముకు రాలేదు, తిండి లేదు. 1862లో యుద్ధమొచ్చింది" అంది. ఓడిన తర్వాత సుమారు 1600 మందిని, ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లను, ఆ చలికాలమంతా ఆ కోట కింద, సంగమం ఒడ్డునే నిర్బంధించారు. వందల్లో చనిపోయారు. మరుసటి ఏడాది మిగిలినవాళ్లను పడవలెక్కించి రాష్ట్రం దాటించేశారు. రాగి చెంబు పక్కన ఉన్న ఆఖరి గింజల్ని కూడా తీసేసింది.

ఎనిమిదేళ్లు, తొమ్మిదేళ్లు ఉన్న పిల్లలకు ఇదంతా చెప్పొచ్చా అని పక్కన ఒక తల్లి నన్నడిగింది. చెప్పొచ్చు, ఇలాగే చెప్పాలి అన్నాను. ఏడిపించలేదు, దాచలేదు. 1862 డిసెంబరు 26న మన్‌కాటో ఊళ్లో 38 మంది డకోటా మగవాళ్లను ఒకేసారి ఉరితీసిన సంగతి మాత్రం పిల్లలు మంచినీళ్లకు లేచినప్పుడు పెద్దవాళ్లకే చెప్పింది. అమెరికా చరిత్రలో ఒకేరోజు అంతమందిని ఉరితీయడం అదే అన్నిటికన్నా పెద్దది. ఏ వయసుకు ఏది చెప్పాలో తెలిసిన టీచరు ఆ అమ్మాయి.

ఆ తర్వాత చేసిన పని ఇంకా బాగుంది. కథ అక్కడ ఆపేస్తే పిల్లలు "పాపం, అందరూ పోయారు" అనుకుని ఇంటికెళ్తారు. అందుకని చేతిలోని గింజల్ని కొన్ని మళ్లీ ముగ్గు మీద పెట్టింది. ఇవాళ మినెసోటాలో నాలుగు డకోటా సముదాయాలకు సొంత ప్రభుత్వాలున్నాయి. మినియాపోలిస్ మధ్యలోని పెద్ద చెరువుకు బానిసత్వాన్ని సమర్థించిన నాయకుడు కల్హౌన్ పేరు ఉండేది. డకోటాలు పట్టుబట్టగా 2017లో పార్క్ బోర్డు, 2018లో రాష్ట్రం, దాని పాత పేరు బ్డే మకా స్కాను తిరిగి పెట్టాయి. కేసు వేస్తే 2020లో రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా ఆ పేరునే నిలబెట్టింది. ఇక 2024లో, అప్పర్ సూ ఏజెన్సీ అనే రాష్ట్ర పార్కును, సుమారు 1300 ఎకరాలు, అక్కడి డకోటా సముదాయానికే తిరిగి ఇచ్చేశారు. ఒకప్పుడు ఆకలితో వాళ్ల పెద్దలు పడిగాపులు కాసిన చోటు అది. "పార్కు అంటే ఎవరిది?" అని ఒక పిల్లాడు తనంతట తానే అడిగాడు. ఆ ప్రశ్న వచ్చిందంటే పాఠం ఎక్కినట్టే.

తర్వాత తిండి. రెండు గిన్నెల్లో వైల్డ్ రైస్ తెచ్చింది. ఒకదాంట్లో నల్లగా నిగనిగలాడేది, ఊళ్లో పెద్ద షాపుల్లో దొరికే రకం, మడుల్లో పండించింది. రెండోదాంట్లో గోధుమరంగు, ఆకుపచ్చ కలగలిసి మచ్చలు మచ్చలుగా ఉన్నది, చెరువులోంచి చేత్తో సేకరించింది. చెయ్యి పెట్టి చూశాను. రెండోది తేలిగ్గా ఉంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే పొగ, పచ్చిగడ్డి కలిసిన వాసన. ఇది మన వరికి దూరపు చుట్టం, లోతు తక్కువ చెరువుల్లో తనంతట తాను పెరిగే గడ్డి. ఇద్దరు పడవలో వెళ్తారు. ఒకరు గెడతో నెమ్మదిగా తోస్తారు. ఇంకొకరు ఒక కర్రతో కంకుల్ని పడవ మీదికి వంచి, రెండో కర్రతో సున్నితంగా తడతారు. పండిన గింజే రాలుతుంది. కొన్ని నీళ్లలో పడతాయి, అవే వచ్చే ఏటికి విత్తనం. ఆ తర్వాత వేయించి, గుంటలో పోసి కాళ్లతో తొక్కి పొట్టు వదిలించి, గాలికి చెరుగుతారు.

చెరగడం పిల్లలకు చూపించడానికి మన వడ్లు దంచి తెచ్చింది, రెండు చేటలు కూడా. "టీచరమ్మా, మీరు చూపిస్తారా?" అని నన్ను పిలిచింది. చేటను కాస్త ముందుకు వాల్చి, ఎగరేసి, గింజ కింద పడేలోపు చేటను వెనక్కి లాగి పట్టుకోవాలి. మణికట్టులో ఉంటుంది కిటుకంతా. పిల్లలు చేస్తే గింజలు అవతల, ఊక మొహాన. మా మనవరాలు తుమ్ముతూనే మళ్లీ మళ్లీ పట్టింది. సూపర్‌మార్కెట్ ప్యాకెట్ తప్ప బియ్యం ఎరగని పిల్లలకు పొట్టు వేరు, గింజ వేరు అని చేతికి తెలియడం చిన్న సంగతేమీ కాదు.

మేపుల్ చెట్టు పాఠం కూడా అంతే. నలభై స్టీలు గ్లాసుల్లో నీళ్లు పోసి వరసగా పెట్టించింది. చివర్లో ఒక్క గ్లాసు పాకం. నలభై పాళ్ల రసం మరగబెడితే ఒక పాలు పాకం వస్తుంది. చలికాలం పోయే వేళ, రాత్రి గడ్డకట్టే చలి, పగలు కాస్త ఎండ ఉంటేనే చెట్టులోంచి రసం కారుతుంది. మిగతా కాలంలో ఎంత గీసినా రాదు. నల్లగొండ నుంచి వచ్చిన ఒక బాబు లేచి, "మా తాతయ్య తాటిచెట్టు ఎక్కుతాడు" అన్నాడు. పాఠం ఆపేసి వాడికే వదిలిపెట్టింది. మోకు ఎలా కడతారో, లొట్టి ఎక్కడ తగిలిస్తారో చేతులు ఊపుతూ చెప్పాడు. క్లాసులో వాడి మొహం అప్పటిదాకా నేను గమనించనే లేదు, ఆ తర్వాత క్లాసంతా వాడిదే.

నీళ్లు, రాయి, చెట్టు, జంతువు అన్నీ చుట్టాలే అన్నది డకోటా ఆలోచనకు మూలం. మితాకుయే ఓవాసిన్ అంటారు, నా చుట్టాలందరూ అని. దాన్ని పోస్టరు మీద అందమైన మాటగా వదిలేయకుండా, "చుట్టం అయితే ఏం చేయాలి?" అని పిల్లల్నే అడిగింది. అన్నం పెట్టాలి. జ్వరమొస్తే చూడటానికి వెళ్లాలి. అడక్కుండా వాళ్ల వస్తువు తీసుకోకూడదు. డకోటాలు చెట్టు నుంచి, నీటి నుంచి ఏదైనా తీసుకునే ముందు పొగాకు సమర్పిస్తారని అప్పుడు చెప్పింది. చేసి మాత్రం చూపించలేదు, అది వాళ్ల పూజ కాబట్టి. పొగాకు పీల్చే పవిత్రమైన ఎర్ర రాతి గొట్టాల గురించీ అంతే, ఫొటో కూడా గనిది మాత్రమే. పైప్‌స్టోన్ అనే ఆ చోటు 1937 నుంచి జాతీయ స్మారకం. గట్టి రాతిపొర కింద మెత్తటి ఎర్ర పొర ఉంటుంది. గుర్తింపు పొందిన తెగల సభ్యులు మాత్రమే, చేతి పనిముట్లతో, దాన్ని తవ్వుకోవచ్చు.

ఇక్కడ ఒక నాన్నగారు లేచి, "మేడమ్, ఇదంతా మన పురాణాల్లో ఎప్పుడో ఉందండీ" అన్నారు. ఆ అమ్మాయి నవ్వుతూనే, "ఉంటుంది అన్నా. ముందు వాళ్ల మాట పూర్తిగా విందాం. మనది మనం పార్కులో చెప్పుకుందాం" అంది. నాకు చాలా నచ్చిన క్షణం అది. ఎవరు ఏం చెప్పినా మనదగ్గరే ముందుంది అని వెంటనే అనేస్తే, అవతలివాడు చెప్పింది వినే ఓపిక పిల్లలకు ఎప్పటికి వస్తుంది?

పార్కులో నడక ఒక ఆటతో మొదలైంది. 1858లో పుట్టిన ఒహియేసా అనే డకోటా పిల్లాడు, తర్వాత బోస్టన్‌లో వైద్యం చదివి డాక్టరు చార్లెస్ ఈస్ట్‌మన్ అయినాయన, చిన్నప్పుడు బాబాయి దగ్గర పెరిగాడు. పొద్దున అడవిలోకి వెళ్లేటప్పుడు అన్నీ శ్రద్ధగా చూడమని చెప్పి పంపి, సాయంత్రం ఇంటికొచ్చాక గంటసేపు ప్రశ్నలడిగేవాడట బాబాయి. చెట్టు బెరడు ఏ వైపు లేతరంగుగా ఉంది, కొమ్మలు ఏ వైపు తీరుగా ఉన్నాయి, అని. ఇక్కడ పిల్లల్ని మాటల్లేకుండా ఒక నిద్రగన్నేరు చెట్టు కింద వదిలి, కాసేపటికి వెనక్కి పిలిచి ప్రశ్నలు వేసింది. నాచు ఏ వైపు ఎక్కువ? చీమలు ఎక్కుతున్నాయా, దిగుతున్నాయా? గద్ద ఎన్నిసార్లు అరిచింది? మొదటి విడత ఎవరికీ ఏమీ తెలియలేదు. రెండో విడతకు పిల్లలు బెరడుకు ముక్కు ఆనించి చూస్తున్నారు. నా సర్వీసులో ఇంత చవకైన ప్రయోగం ఇంత బాగా పనిచేయగా చూడలేదు.

నెలల పట్టిక కూడా ఇక్కడే. డకోటా నెలల పేర్లు ఆ చోట ఆ వేళకు జరిగేదాన్నిబట్టి ఉంటాయి. మంచు మీద ఎండ తళతళకు కళ్లు మండే నెల, పెద్దబాతులు గుడ్లు పెట్టే నెల, స్ట్రాబెర్రీలు పండే నెల, చెరువు బియ్యం ఆరబెట్టే నెల. సముదాయాన్నిబట్టి పేర్లు మారతాయి కూడా. బెంగళూరుకు మీ పట్టిక మీరే రాయండి అంది. మా మనవరాలు మార్చి పక్కన "జకరండా నెల", డిసెంబరు పక్కన "అనపకాయల నెల" అని రాసింది. జూన్ దగ్గర ఆగిపోతే, ఆరుద్ర కార్తెలో వానపడగానే ఎర్ర మఖమల్ గుడ్డలాంటి పురుగు నేలమీదికి వస్తుందని చెప్పాను. మన రైతులు కార్తెలు లెక్కపెట్టేది ఇలాంటి గుర్తులతోనే. ఆ గడిలో ఆరుద్ర పురుగు బొమ్మ వేసింది. నిజం పురుగును తను ఇంకా చూడలేదు, వానలకు హిందూపురం తీసుకెళ్లాలి.

చివరి మజిలీ కోసమైనా ఈ క్లాసుకు వెళ్లాలి. పార్కు దాటి కస్తూర్బా రోడ్డు మీదుగా కంఠీరవ స్టేడియం దగ్గరికి తీసుకెళ్లింది. ఆ స్టేడియం సంపంగి చెరువు. చెరువు పక్కన కాదు, చెరువే. 19వ శతాబ్దం చివర్లో హెసరఘట్ట నుంచి పైపుల్లో నీళ్లు వచ్చాక ఊరికి దీని అవసరం తీరిపోయింది, ఎండగట్టేశారు. చుట్టుపక్కల తోటలు సాగుచేసుకునే తిగళులకు మాత్రం అవసరం తీరలేదు. చైత్ర పౌర్ణమికి ధర్మరాయస్వామి గుడి నుంచి బయల్దేరే కరగ వాళ్ల పండుగే. ఆ పూజ కోసం సంపంగి చెరువు గుర్తుగా ఇంకా ఒక చిన్న కుంట మిగిలింది. అక్కడ నిలబెట్టి సెయింట్ పాల్ నగరంలోని ఒక పార్కు ఫొటో చూపించింది. నది గట్టు మీద పూర్వీకుల సమాధి దిబ్బలు, ఇప్పుడు మిగిలినవి ఆరే. ఏళ్ల తరబడి జనం వాటి పక్కన పిక్నిక్ చేసుకున్నారు. ఇప్పుడు ఇది శ్మశానం, మర్యాద పాటించండి అని అక్కడ బోర్డులున్నాయి. మెజెస్టిక్ బస్టాండు కూడా ధర్మాంబుధి చెరువే అని చెప్పగానే మా మనవరాలు నా వైపు తిరిగి, "అమ్మమ్మా, మనం హిందూపురం బస్సెక్కేది చెరువులోనా?" అంది.

నేను కోసిన రెండు మార్కులు ఎక్కడివంటే, పిల్లలు మరీ ఎక్కువమంది. ఇంత మంచి పాఠానికి పదిహేను మంది చాలు, అక్కడ దానికి రెట్టింపు ఉన్నారు. మైకు లేదు, వెనక వరసకు సగం మాటలు అందలేదు. మెసేజ్‌లో ఒక గేటు పేరు పెట్టి ఇంకో గేటు దగ్గర నిలబడ్డారు. అక్కడే అరగంట పోయింది, ఆ తొందరంతా చివరికి ఒహియేసా కథ మీద పడింది. ఆయన జీవితం ఒక్కటే ఒక పూట పాఠం. పిల్లలకిచ్చే కాగితాలు ఇంగ్లీషులో మాత్రమే ఉన్నాయి. క్లాసు ఇంగ్లీషు, తెలుగు, కన్నడ కలిపి చక్కగా నడిచింది కదా, కాగితాలు కూడా అలా ఉంటే ఏం పోయింది? పిల్లలకు ఏడువందలు, తోడొచ్చే పెద్దవాళ్లకు రెండువందలు తీసుకున్నారు. నాలాంటి పెన్షన్‌దారులకు కాస్త భారమే అయినా, అందులో ఒక భాగం డకోటా టీచర్లు నడిపే పనికి పంపుతామన్నారు కాబట్టి అడ్డు చెప్పను.

వెళ్లేవాళ్లకు: ఆదివారం పార్కు లోపలికి బండ్లు రానివ్వరు, కారు టెన్షన్ పెట్టుకోకుండా మెట్రోలో పర్పుల్ లైన్ పట్టుకుని కబ్బన్ పార్క్ స్టేషన్‌లో దిగండి. టోపీ, నీళ్లు, మట్టి అంటినా ఫరవాలేదనుకునే బట్టలు చాలు. ఏడేళ్లలోపు పిల్లలకు మొదటి సగం బరువవుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు స్టేడియం దాకా నడవలేకపోతే పార్కులోనే బెంచీలున్నాయి.

నిర్వాహకులకు ఒక మాట నేరుగా చెప్పాను, ఇక్కడా రాస్తున్నాను. డకోటాల సంగతి డకోటా టీచర్ల మాటల్లో వినిపించడానికి వచ్చే విడతలో వీడియో కాల్ పెడతామన్నారు, టైము తేడా వల్ల వాళ్లకు రాత్రవుతుందట, అయినా ఒప్పుకున్నారట. చాలా మంచిది, వాళ్లకు తగిన డబ్బు ఇచ్చి పెట్టండి. అదే న్యాయం సంపంగికీ వర్తించాలి. ఆ కుంట దగ్గర నిలబడి కథ చెప్పాల్సింది కరగ ఇంటి తిగళ పెద్దాయనో, పెద్దమ్మో. ఆ అమ్మాయి సరేనంది, పాత పేట వైపు ఇద్దరు ముగ్గురిని ఇప్పటికే అడుగుతున్నానంది. వాళ్లు వచ్చే ఆదివారం ఎప్పుడో గ్రూపులో పెడితే, మా బ్లాకులో పిల్లలందర్నీ తీసుకుని మళ్లీ వెళ్తాను.